ఏడంటే మూడనాలి

మా పైఫ్లోర్ దయారత్నం అంకుల్ ఎదురుపడితే నమస్కారం పెట్టడు, బాగున్నావా అనడు. అంకె విసురుతాడు. "ఏడు!" అన్నాడనుకోండి, మనం "మూడు!" అనాలి. రెండూ కలిస్తే పది కావాలి, అంతే రూలు. పోనీ నిలబడి అడుగుతాడా? ఆయన కాళ్లు నిలిస్తేగా! అంకె విసిరి తన దారిన తను పోతుంటాడు. జవాబు పట్టుకుని మనమే వెనకాల పరుగెత్తాలి.

లక్డీకాపూల్‌లో సర్కారు కొలువు చేసి రిటైరైన మనిషి. అన్నేళ్లు కూర్చోబెట్టినందుకు ఇప్పుడు కుర్చీల మీద కక్ష తీర్చుకుంటున్నాడని ఆయన భార్య జీవమణి ఆంటీ అంటుంది. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. కప్పు తీసుకునేది ఒక హోటల్లో, ఖాళీ చేసి పెట్టేది ఇంకో హోటల్లో. పాపం ఆ రెండు హోటళ్లవాళ్లూ అప్పుడప్పుడూ కలుసుకుని కప్పులు మార్చుకుంటుంటారు.

ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టర్ గారు "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అంటే, ఈయన "ప్రైజ్ ద లార్డ్, ఎనిమిది!" అన్నాడట. పాస్టర్ గారికీ అలవాటైపోయింది కాబోలు, "రెండు, ఆమెన్" అన్నారట.

ఈ పిచ్చి మొన్న ఎండాకాలంలోనే మొదలైంది. అప్పుడు మా ఇంట్లో వేరే గొడవ. మా అమ్మాయి ధాత్రి చదివే చిన్న బడి ఒకటో క్లాసుతో సరి. రెండో క్లాసుకి పంజాగుట్టలో స్కూలు చూశాం. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ ప్రేమగానే అడిగారు, "ఆరూ రెండూ ఎంత తల్లీ?" అని. అంతే, మా పిల్ల బిగుసుకుపోయి బల్ల కిందికి దూరింది. నేనూ వంగి "ఎనిమిదే, చెప్పవే!" అని గుసగుసలాడాను. అది ఇంకా లోపలికి జరిగింది. స్కూలు తెరిచేలోపు ఇంకోసారి తీసుకురండి, అప్పుడూ నోరు విప్పకపోతే సీటు కష్టం అన్నారు మేడమ్.

తిరిగొచ్చి మెట్ల మీద అంకుల్‌తో మొర పెట్టుకున్నాను.

"గింతేనా? ఫికర్ చెయ్యకు రావ్ సాబ్. పిల్లను నాతోని తిప్పు" అన్నాడు, సగం మాట పైమెట్టు మీద, సగం కిందమెట్టు మీద.

అప్పట్నుంచి ధాత్రి ఆయన వెంటే. ఆయన జేబులో పది చింతపిక్కలు గలగలమంటుంటాయి. కొన్ని పిడికిట్లో మూసి, మిగతావి అరచేతిలో చూపిస్తాడు. "బయట ఆరు. లోపలెన్ని?" చెప్తే సరే, చెప్పకపోతే పిడికిలి తెరిచి చూపించి, మళ్లీ మూసి, నడక.

నా బాధల్లా మా గల్లీతోనే వచ్చింది. ఇంత మొద్దు గల్లీని నేనెక్కడా చూడలేదు బాబూ!

"ఏడు!" అన్నాడు అంకుల్, మా వాచ్‌మన్ రాఘవయ్యని చూసి.

"నాలుగు సార్!"

పక్కనున్న ధాత్రి నెత్తి కొట్టుకుంది. "మూడు, తాతా!"

"గట్లనా బిడ్డా? జర నేర్పు." అది గేటు దగ్గర పిక్కలు పరిచి ఓపిగ్గా నేర్పింది. మర్నాడు మళ్లీ నాలుగే.

రాఘవయ్య సరే అనుకుందాం. ఎదురు ఫ్లాట్ కమలకుమారి గారు మైత్రీవనంలో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్తారు. హాలు నిండా కుర్రాళ్లు! అంకుల్ "ఎనిమిది!" అంటే ఆవిడ చాలాసేపు ఆలోచించి "మూడా?" అన్నారు. "రెండు, టీచర్!" అంది మా పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈవిడ చదువు చెప్పినవాళ్లు బ్యాంకుల్లో కూర్చుంటే మన గతేంటి?" అన్నాను మా ఆవిడ మంజూషతో.

"మీకెందుకండీ" అని మూతి బిగించుకుని వంటింట్లోకి పోయింది.

గల్లీ పరువు నేనొక్కణ్ణే మోశాను. అంకుల్ "తొమ్..." అనేలోపే "ఒకటి!" అనేవాణ్ణి. ఆయన అదోలా చూసి "షాబాష్" అని ముందుకెళ్లిపోయేవాడు.

రెండోసారి స్కూలుకెళ్లిన రోజు నేను స్థిమితంగా ఉంటే ఒట్టు. అమీర్‌పేట నుంచి ఒక్క స్టేషనే మెట్రోలో, ఆ కాసేపూ కూర్చోలేకపోయాను. ధాత్రి మాత్రం కాళ్లాడించుకుంటూ కిటికీలోంచి చూస్తోంది.

"ఏడుకి ఎంత కలిపితే పదమ్మా?" అని అడిగారు స్కూల్లో మేడమ్.

"మూడు."

"పదిలో నాలుగు తీసేస్తే?"

"ఆరు. ఇప్పుడు నా వంతు. ఐదు!"

మేడమ్ కంగారుగా "ఐదు" అన్నారు.

ధాత్రి కళ్లు పెద్దవైపోయాయి. "మీకొచ్చే! మా గల్లీలో ఎవ్వరికీ రాదు మేడమ్. అందరికీ నేనే నేర్పుతున్నా."

"నాకొచ్చు మేడమ్" అని చెయ్యెత్తాను నేను.

సీటొచ్చింది. ఇంటికి రాగానే ధాత్రి వాళ్లమ్మకి చెప్పాలని పైకి పరుగెత్తింది. గేటు దగ్గర రాఘవయ్య నన్ను ఆపేశాడు.

"సీటొచ్చిందా సార్? మస్తు ఖుషీ! ఇగ మేం సరిగ్గ చెప్పొచ్చునా? మూడని నోటిదాంక వస్తది, మింగుడే. నా మనవడు సుత నవ్వుతుండు."

"తప్పు చెప్పమన్నదెవరు?"

వేలు పైన అంకుల్ వాళ్ల ఫ్లాట్ వైపు చూపించాడు. అక్కడే కూరలు బేరమాడుతున్న కమలకుమారి గారు నిట్టూర్చారు. "మా స్టూడెంట్స్ ఎక్కడ వింటారోనని హడలి చచ్చానండీ!"

అంతలో అంకుల్ టీ కప్పుతో మెట్లు దిగొచ్చాడు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"పిల్లకు లెక్కంటే భయం లేదు రావ్ సాబ్, తప్పంటే భయం. పెద్దోళ్లు తప్పు చెప్పి నవ్వుకుంట పోతుంటే గా భయం పోతది. నువ్వేమో తప్పు చెప్పి బతకలేవు."

కోపం రావాలి, రాలేదు. ఆ మనిషిని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. నిలబడితేగా! అప్పటికే గేటు దాటాడు.

మంజూష, ధాత్రి కిందికొచ్చారు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతోంది. అంటే ఈవిడకీ తెలుసన్నమాట!

రోడ్డు మీంచి అంకుల్ వెనక్కి తిరిగి నా మీదికి విసిరాడు. "ఆరు!"

అందరూ నావైపే చూస్తున్నారు. నాలుగు నా నాలుక చివర తన్నుకుంటోంది. పళ్లు బిగబట్టాను. చెమట పట్టింది.

"ఐదు" అన్నాను.

ధాత్రి నోరు తెరిచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి, గౌను జేబులోంచి చింతపిక్కలు తీసింది.

"పర్లేదు నాన్నా. నాక్కూడా ముందు రాలేదు."