లేని జబ్బు తగ్గిన మనిషి

మా బావకు వచ్చిన విద్య ఒక్కటే, ఏడవడం. ఆయన కర్టెన్ల షాపులో గుమాస్తా. గుడ్డ విప్పి భుజం మీద వేసుకుని, "ఈ రంగు మీ ఇంటి కోసమే పుట్టిందమ్మా" అంటూ కళ్లు చెమర్చగలడు. వెలిసిపోయిన గుడ్డయినా సరే, ఆ తడి చూసి కొనేసేవాళ్లు. ఇంటికెళ్లి తిట్టుకునేవాళ్లు, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. జనం మీద నాకు పెద్ద గౌరవం లేకపోవడానికి అదొక కారణం.

ఆ షాపుకి ఒకరోజు ఊపిరి మాస్టారు వచ్చాడు. ఫర్నిచర్ దుకాణం పైఅంతస్తులో హాలు అద్దెకు తీసుకుని, గాలి పీల్చి వదిలితే షుగర్ పోతుందని నేర్పే పెద్దమనిషి. కిటికీలకు తెరలు కొనడానికి వచ్చి, తెరలతో పాటు మా బావనూ పట్టుకుపోయాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా బావ వేదిక ఎక్కి, "పదేళ్ల షుగర్ నాది. కాళ్లు మొద్దుబారాయి, కళ్లు మసకబారాయి. మాస్టారి దయవల్ల మళ్లీ మనిషినయ్యాను" అని చెప్పాలి. సరిగ్గా ఆ "మనిషినయ్యాను" దగ్గర గొంతు పూడుకుపోవాలి.

ఆయనకు షుగర్ లేదు. ఏనాడూ లేదు. కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకుని, గ్లాసు అడుగున మిగిలింది కూడా వేలితో నాకే మనిషి. పోనీ డబ్బు కోసం చేశాడా అంటే అదీ కాదు. ఆ మాత్రం లౌక్యం ఉన్నా కాస్త గౌరవించేవాణ్ణి. ఉత్త చప్పట్ల కోసం చేశాడు.

షుగర్ ఉన్నది మా అక్కకి. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది పొట్టలో పొడుచుకునేది. మొగుడి వైభోగం చూద్దామని ఒక ఆదివారం హాలుకి వెళ్లింది. ఇరవయ్యేళ్లుగా ఆ మనిషికి వండిపెట్టింది, జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసింది. ఆయన ఒంట్లో ఏముందో, ఏం లేదో ఆమెకన్నా ఎవరికి తెలుసు? అయినా హాలంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆమె కళ్లూ తడిశాయి. ఇంటికొచ్చి మొగుడి చేతులు పట్టుకుంది.

"పదేళ్లు నా దగ్గర దాచారా? నేను బెంగపెట్టుకుంటానని లోపల్లోపల ఎంత కుమిలిపోయారండీ!"

అప్పుడైనా నోరు విప్పాలా, వద్దా? నిన్నటిదాకా చేతికి సంచీ ఇచ్చి కూరలకు తరిమిన భార్య, ఇవాళ దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. మహానుభావుడికి వదులుకోబుద్ధి కాలేదు. "పోనీలేవే, అయిపోయిందిగా" అన్నాడు.

అక్క తనూ ఆ ఊపిరి సాధన మొదలుపెట్టి, సూది మందు మానేసింది. మొదట రోజు విడిచి రోజు, తరవాత పూర్తిగా. బావ చూస్తూనే ఉన్నాడు. ఏమీ కాదులే అనుకున్నాడట. నేను వెళ్లి అరిచాను. "ఈయనకి షుగరేంటక్కా, నీకేమైనా మతి పోయిందా?"

"నువ్వు చిన్నప్పట్నించీ అంతే తమ్ముడూ, ఏదీ నమ్మవు" అంది.

హాల్లో గోడమీద పెద్ద అక్షరాలతో 'నమ్మి చెడినవాడు లేడు' అని రాయించాడు మాస్టారు. నిజమే మరి. చెడినవాళ్లు మళ్లీ మెట్లెక్కి వచ్చి చెప్పరు కదా.

చెప్పు కరిచి అక్క బొటనవేలి పక్కన పుండు పడింది. మానలేదు. వేలు నల్లబడి గదంతా వాసన వచ్చాక గానీ బావకు భయం పుట్టలేదు. నా ఎదుటే మంచం పక్కన కూలబడ్డాడు.

"ఒట్టేనే. నాకు షుగర్ ఎప్పుడూ లేదు. వాడు చెప్పమన్నాడు, చెప్పాను. ఆసుపత్రికి పదవే, నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగా ఏడ్చాడు. ముక్కు కారింది, మాట తడబడింది, మూతి వంకరపోయింది. ఆయన జన్మలో ఏడ్చిన మొదటి నిజం ఏడుపు అదే అయ్యుంటుంది. అక్క జాలిగా చూసింది.

"మా తమ్ముడు నేర్పాడా ఇదంతా? ఆ రోజు హాల్లో ఏడ్చారే, అదీ గుండెల్లోంచి వచ్చిన ఏడుపంటే. ఇది ఎవరో చెప్పమంటే చెబుతున్నట్టుంది. దగ్గరివాళ్లే వెనక్కి లాగుతారని మాస్టారు ముందే చెప్పారు."

ఇద్దరినీ బయటికి పంపి తలుపు గడియ పెట్టుకుంది. జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడిపోయాక, తలుపు పగలగొట్టి ఆసుపత్రికి మోసుకెళ్లాం. మోకాలి కిందికి కాలు తీసేశారు.

పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకీ షుగరే. మడమ మీద చిన్న పుండు. మందులు సరిగ్గా వాడితే మానిపోతుందని డాక్టరు చెప్పి వెళ్లాడు. తెలివొచ్చిన అక్క ఆవిడతో మొదలుపెట్టింది. "మా ఆయనకి పదేళ్ల షుగర్ ఊపిరితోనే పోయింది పిన్నిగారూ. నా సాధనలోనే ఏదో లోపం."

పెద్దావిడ బావ వైపు తిరిగింది. "నిజమేనా నాయనా?"

ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. బావ దుప్పటి చదునుగా ఉన్న చోటు చూశాడు. అక్క ముఖం చూశాడు. "నిజమేనండీ" అన్నాడు. కళ్లు అందంగా చెమర్చాయి.

చొక్కా పట్టుకుని వరండాలోకి ఈడ్చాను. "సిగ్గుందా బావా నీకు?"

"దాని కాలు పోయిందిరా. ఊరికే పోయిందని ఎలా చెప్పను?"

"మరి ఆవిడ కాలు?"

బావ నలిగిన చొక్కా సర్దుకున్నాడు. నాకు అసహ్యం వేసింది. ఆయన్ని అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి, పెద్దావిడ మంచం దగ్గర నిలబడ్డాను. "అమ్మా, ఆయన మాట నమ్మకండి. ఆయనకి షుగర్ ఏనాడూ లేదు. అంతా అబద్ధం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తప్పు బాబూ. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు చూశావా? నువ్వు చూడు, ఎంత కటువుగా మాట్లాడుతున్నావో."

అప్పుడే నర్సు సూది మందు తీసుకొచ్చింది. పెద్దావిడ దుప్పటి పొట్ట మీదికి లాక్కుంది.

"ఈ పూటకి వద్దులే తల్లీ" అంది.