కోడిపుంజు తరఫు వకీలు

మా ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా అంటే ముందు "అవునండీ" అనాలి. ఆ తర్వాత మనకు నచ్చింది చేసుకోవచ్చు, అది వేరే సంగతి. అమెరికాలోని కమ్మింగ్‌లో పుట్టి పెరిగిన నాకు పూర్తిగా అబ్బిన తెలుగు మర్యాద ఇదొక్కటే. లా స్కూల్లో అదే నా కొంప ముంచింది.

మొదటి ఏడాది చివర్లో మేమందరం ఉత్తుత్తి కోర్టులో నిలబడి వాదించాలి. కేసు కల్పితమే, మార్కులు మాత్రం నిజం. జడ్జి ప్రశ్నలకు తట్టుకోలేకపోతే ఆ కోర్సు మళ్లీ మొదటి నుంచి చదవాలి. అంటే కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకున్న సమ్మర్ ఇంటర్న్‌షిప్ కూడా పోయినట్టే. నాకు పడిన కేసులో క్లయింట్ ఒక పెద్దావిడ. ఆవిడ కోడిపుంజు తెల్లవారక ముందే కూస్తోందని పక్కింటివాళ్లు దావా వేశారు. కాంట్రాక్టులూ రాజ్యాంగమూ అంటూ ఇటుకల్లాంటి పుస్తకాలు మోసి భుజాలు పడిపోయిన నాకు చివరికి దక్కింది ఒక కోడి.

రిహార్సల్ రోజు జడ్జి కుర్చీలో మా ప్రొఫెసర్ కూర్చున్నారు. తల ముగ్గుబుట్ట. మా తాతయ్య వయసుంటుంది.

"ఆ కూతకు పక్కవాళ్లకు నిద్ర పట్టదు కదా?" అని అడిగారు.

ఆ తెల్ల జుట్టు చూడగానే నా తల దానంతట అదే ఊగింది. "అవును, యువర్ ఆనర్" అన్నాను.

"అయితే అది ఇబ్బందేగా?"

"అవును, యువర్ ఆనర్."

"మరి కోడిని తీసేయమని అడగడంలో తప్పేముంది?"

తప్పేమీ లేదన్నాను. అవతలి పక్షం తరఫున వాదించాల్సిన అబ్బాయి లేచి, తను చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదని చెప్పి కూర్చున్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం, అడగ్గానే అలా ఊగిన నా మెడ మీదే ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. దోసెలు వేస్తూ అంతా విన్నది.

"ఓస్, ఇంతేనా! నేనే జడ్జిని. అడుగుతా, ఎదురు చెప్పు."

"నీకా? అమ్మా, ఐ కాంట్. నాకు రాదు."

"చెప్పవే! ఆ కోడి గోలకి వీధంతా చస్తోందా లేదా?"

"నో, యువర్ ఆనర్" అన్నాను నీళ్లు నములుతూ.

దోసెలు అవుతున్న కొద్దీ నా గొంతు పెరిగింది. అమ్మకీ ఊపొచ్చింది. ఉన్నట్టుండి కేసు వదిలేసి, "అది సరే, నీ రూమ్ ఎందుకలా తగలడింది? ఆ లాండ్రీ ఎవరు చేస్తారు?" అంది.

నేనూ అదే ఊపులో, "నో, యువర్ ఆనర్. విత్ రెస్పెక్ట్, అది నా రూమ్. కోర్టుకి సంబంధం లేదు" అనేశాను.

అట్లకాడ గాల్లో ఆగిపోయింది. "నోరు లేస్తోందే నీకు!" అని అరిచింది. మరుక్షణం తనే నవ్వేసింది. "ఆఁ, అదే! అక్కడ కూడా ఇలాగే చెప్పు." ఈ గొడవలో నా దోసె మాడిపోయింది.

అసలు వాదన రోజు అమ్మ ఆఫీస్‌కి లీవ్ పెట్టి, పట్టుచీర కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంది. జడ్జి స్థానంలోకి నిజంగానే జడ్జిగా చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ఆయన జుట్టు మా ప్రొఫెసర్ జుట్టు కంటే తెల్లగా ఉంది. మొదటి ప్రశ్నకే నా మెడ కదలబోయింది. ఎదురుగా ఉన్న బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాను.

"పక్కింటివాళ్లకు ప్రశాంతంగా నిద్రపోయే హక్కు లేదంటారా?"

"ఉంది, యువర్ ఆనర్. తెల్లవారకూడదనే హక్కు మాత్రం లేదు. కోడి ఉందని తెలిసే వాళ్లు అక్కడ ఇల్లు కొన్నారు."

ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు. చివరికి కళ్లజోడు తీసి, "అయితే నా మాట ఒప్పుకోరన్నమాట" అన్నారు.

"ఒప్పుకోను, యువర్ ఆనర్."

చేతులు ఇంకా బల్ల అంచునే పట్టుకుని ఉన్నాయి. అయినా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వాదన ముగిశాక నేను పాసయ్యానని ఆయనే చెప్పారు. నేను ఊపిరి పీల్చుకునేలోగా అమ్మ లేచి తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లిపోయింది. ఆపేవాళ్లెవరు?

"ఏమీ అనుకోకండి సర్" అంది ఇంగ్లీషులో, దాదాపు చేతులు జోడిస్తూ. "మా అమ్మాయి పెద్దవాళ్లతో ఇలా మాట్లాడే పిల్ల కాదు."

ఆయన నవ్వారు. "అలా మాట్లాడింది కాబట్టే పాసయ్యిందండీ."

"తెలుసు సర్. నేనే నేర్పించాను" అంది అమ్మ. పట్టుచీర కొంగు సర్దుకుంటూ, "నాకైతే ఎవరూ నేర్పలేదు" అంది.