గురవయ్య సగం లెక్క

గోస్పాడు గురవయ్య ముప్పై నాలుగేళ్లు కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. తూము తలుపు ఎత్తడం, దించడం, వంతు ప్రకారం రైతుల మళ్లకు నీళ్లు వదలడం, అందరిచేతా తిట్లు తినడం ఆ ఉద్యోగం. మిగిలిన పనులకంటే ఆ చివరిదానికే ఎక్కువ పొద్దు పట్టేదని ఆయన భార్య మణెమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయనకిప్పుడు డెబ్బై ఆరేళ్లు. చదివింది అయిదో తరగతి. అయినా ఆ కాలువ కింద ఆయన పెట్టిన లెక్క ఒకటి ఉంది. రైతులు ఈనాటికీ దాన్ని గురవయ్య సగం అంటారు.

ఆ లెక్కేమిటో ముందే చెప్పాలి, లేకపోతే ఆయన కథకు తలా తోకా ఉండదు. తూము తలుపు ఎత్తగానే పిల్లకాలువ నిండిపోదు. మొదట సన్నగా పారి, మెల్లమెల్లగా పెరిగి, రెండు గంటలకు గానీ నిండుగా పారదు. మొదటి వంతు రైతుకు ఆ సన్ననీళ్ల రెండు గంటలూ వంతులోనే పోయేవి. మూడు గంటలంటే మూడు గంటలే, ఇక జరుగు అని పంపేసేవాళ్లు. గురవయ్య ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తూము గట్టు మీద కూర్చుని, కొలతరాయి మీద నీళ్లు ఒక్కో గీతా ఎక్కడం చూస్తూ చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. నీళ్లు సమంగా పెరుగుతున్నాయి. వాలుగా ఉన్న మడిని చదును చేసేటప్పుడు మిట్టన ఉన్న మన్ను తీసి పల్లంలో పోస్తే, సగం ఎత్తున మడి చదునవుతుంది. నీళ్లకూ అంతే. చివర్లో ఎక్కువగా పారినవి తెచ్చి మొదట్లో తక్కువ పారిన చోట పోసుకుంటే, ఆ రెండు గంటలూ సగం కాలువ పారినట్టు. అంటే నిండు కాలువ ఒక గంట. కాబట్టి మొదటి వంతు రైతుకు ఇంకో గంట ఇవ్వాలి.

కింది రైతులు ఊరుకోలేదు. నీకెవడు నేర్పినాడని నిలదీశారు. ఎవరూ నేర్పలేదు, ఏం చెబుతాడు? మడి చదును చేసే మాటే చెప్పాడు. చేతులారా మడి చదును చేయని రైతు ఆ గట్టు మీద ఒక్కడూ లేడు కాబట్టి అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఆ రోజుతో గురవయ్య నడకే మారిపోయింది. సొంతంగా కనిపెట్టిన లెక్క ఒకటున్న మనిషి దాన్ని కన్నబిడ్డకంటే ఎక్కువ ముద్దు చేస్తాడు. ఆ ముద్దు కొంప ముంచుతుంది కూడా. ఇక్కడ మునిగింది మాత్రం వేరేవాడి కొంప.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట, వరి పొట్ట మీదున్నప్పుడు, మొదటి వంతు సుందరరాజుది. గురవయ్యకంటే మూడేళ్లు పెద్ద. చర్చిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఆ ఏడు రైతులు నువ్వు కొయ్యి అంటే నువ్వు కొయ్యి అనుకుంటూ పిల్లకాలువలో తుంగ కోయకుండా వదిలేశారు. పొద్దున ఆరింటికి గురవయ్య తలుపెత్తాడు. ఎనిమిదికి కొలతరాయి దగ్గర నీళ్లు నిండు గీత తాకాయి. సగం లెక్క కలుపుకుంటే సుందరరాజు వంతు పది దాకా. పదింటికి నీళ్లు రెండో మడికి మళ్లించబోతే సుందరరాజు అడ్డం వచ్చాడు. తన మడి దగ్గర గంటన్నర సేపు బొట్టుబొట్టుగానే వచ్చాయని, ఇంకో అర్ధగంట ఇమ్మని, నమ్మకపోతే వచ్చి చూడమని అడిగాడు.

గురవయ్య కొలతరాయి వైపు చెయ్యి చూపించాడు. రాయి మీద నీళ్లు ఎప్పటిలాగా సమంగానే ఎక్కాయి.

"లెక్క లెక్కేనన్నా," అన్నాడు. మడి దాకా పోలేదు.

ఆ పైరు సగం తాలు పోయింది. అంతకుముందు రెండేళ్లూ అంతంతమాత్రమే పండిన సుందరరాజు ఆ దెబ్బకు తన ఎకరం ముప్పై సెంట్లు కౌలుకిచ్చేసి, ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర రాళ్లకు నునుపు పట్టే పనిలో కుదిరాడు. పోయేముందు ఆదివారం, చర్చి మెట్ల మీద, నలుగురిలో, "నా నీళ్లు తింటివి గురవా," అన్నాడు. తర్వాత మాటల్లేవు.

చర్చిలో ప్రభు భోజనమని రొట్టె ఇచ్చే ఆదివారం వచ్చిందంటే గురవయ్యకు ఆ మాటే గుర్తొచ్చేది. తిన్నానా, తినలేదా? ఆయనకు తేలనిది అదొక్కటే. లెక్క సరైనదైతే సుందరరాజు అన్న మాట అబద్ధం. లెక్కే తప్పయితే ముప్పై నాలుగేళ్లలో ఇంకెంతమంది నీళ్లు అటూ ఇటూ చేసినట్టు? ఎవరినైనా అడగాలంటే ఎవరిని అడుగుతాడు? అలా ముప్పై ఒక్క ఏళ్లు మోశాడు.

ఈ మధ్య నంద్యాలలో కంటికి శుక్లం తీయించుకున్నాడు. తర్వాత మళ్లీ చూపించుకోవడానికి వెళ్లిన రోజు, ఆసుపత్రి నుంచి మనవరాలు ప్రవళిక తాను పనిచేసే ఆఫీసుకు వెంటబెట్టుకుపోయింది. ఆమె ఆయన కొడుకు తిమోతి కూతురు, లెక్కల్లో బీఎస్సీ చేసింది. బొమ్మలసత్రం దగ్గర ఒక మేడ మీద పది కంప్యూటర్ల ఆఫీసు. ఎక్కడో యూరపు గ్రంథాలయాల్లో ఉన్న తోలు పుటల మీద లాటిన్‌లో చేత్తో రాసిన పాత పుస్తకాల ఫొటోలు అక్కడికి వస్తాయి. ఏది అక్షరాల వరస, ఏది బొమ్మ అని గుర్తుపెట్టి తిరిగి పంపాలి. ఆమెకు లాటిన్ ఒక్క ముక్క రాదు, బొమ్మలకు మాత్రం అక్కడి పండితులు ఇంగ్లీషులో వివరం రాసి పంపుతారు. జేజినాయన పక్క కుర్చీలో కూర్చుని, కొత్త చూపుతో ఆ తోలు పుటల వంక చూస్తూ ఉన్నాడు.

ఒక పుట అంచున ఒక బొమ్మ. అడుగున పడుకున్న గీత. దాని ఒక కొస నుంచి వాలుగా పైకి లేచిన గీత. సగం ఎత్తున అడ్డంగా ఇంకో గీత.

"మడి చదును చేసే బొమ్మ గదా ఇది," అన్నాడు గురవయ్య.

ప్రవళిక చెయ్యి ఆగిపోయింది. వివరం చదివింది. మళ్లీ చదివింది. సున్నా నుంచి సమంగా పెరిగేది ఏదైనా, అంతసేపూ సగం మట్టాన ఉన్నదానితో సమానం అని రాసి ఉంది.

"జేజినాయనా, ఇది నీ లెక్కే. ఆరున్నర నూర్ల ఏండ్ల కింద రాసినారు."

"వాళ్లకూ కాలువ ఉండెనా?"

కాలువ కాదని ఆమె చెప్పింది. వాళ్లు మఠాల్లో, చదువుల కొట్టాల్లో ఉండే క్రైస్తవ పండితులట. దేవుని ప్రేమ మనిషిలో ఎక్కువా తక్కువా అవుతుందా, అయితే ఎట్లా పెరుగుతుంది అన్న వాదన దగ్గర మొదలుపెట్టారట. అక్కడి నుంచి వేడి ఎట్లా పెరుగుతుంది, తెలుపు ఎట్లా పెరుగుతుంది, కదిలే వస్తువు వడి ఎట్లా పెరుగుతుంది అని పోయారట. కంటికి కనబడని పెరుగుదలను గీతగా గీస్తే కనబడుతుందని పట్టుకున్నారట.

గురవయ్య లేచి నిలబడ్డాడు. చర్చిలో సువార్త చదివేటప్పుడు నిలబడతారే, అట్లా. ఏ దేశమో, ఏ భాషో, ఈకతో తోలు మీద గీసిన ఒక మనిషికీ, గోస్పాడు తూము గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న తనకూ ఒకే గీత కనబడింది. దేవుడు ఈ లోకంలో ఆ గీతను ముందే గీసిపెట్టి ఉండాలి, చూసినవాడికి చూసినంత అనుకున్నాడు. కళ్లకు నీళ్లు రాకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తుండీ ఆపుకోలేకపోయాడు. లెక్క తప్పు కాదు. ముప్పై ఒక్క ఏళ్ల బరువు దిగినట్టయింది.

అది ఎంతోసేపు నిలవలేదు. ప్రవళిక ఉత్సాహం పట్టలేక తర్వాతి పుట తీసింది. అక్కడ ఇంకో బొమ్మ. అడుగు గీత అదే, పైకి లేచే గీత మాత్రం వాలుగా లేదు. చాలా దూరం నేలకు అంటుకుని పాకి, చివర్లో నిటారుగా లేచింది. వివరం చదివి చెప్పింది. అన్నీ సమంగా పెరగవట. సమంగా పెరగనిదానికి సగం లెక్క చెల్లదట. దాని ఆకారం ఏదో అదే చూసుకోవాలట.

గురవయ్య కూర్చున్నాడు. ఆ పాకే గీత ఆయనకు కొత్తది కాదు. తుంగలో చిక్కుకుని గంటన్నర బొట్టుబొట్టుగా వచ్చి, చివరి అర్ధగంటలో లేచిన సుందరరాజు నీళ్లది. కొలతరాయి దగ్గర ఒక గీత, మడి దగ్గర ఇంకో గీత. తాను చూసింది ఒక్కటే.

రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద, ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు తీసివ్వమని మనవరాలిని అడిగాడు. మర్నాడు పొద్దున చాగలమర్రి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాడు.

సుందరరాజు శిల్పి కొట్టంలోనే ఉన్నాడు. ఇప్పుడు పని చేయడు. బల్ల మీద కూర్చుని, పూర్తయిన రాళ్ల మీద అరచెయ్యి తిప్పి ఎక్కడ గరుకుందో చెబుతాడు. వినాయకుడికైనా, సమాధి రాయికైనా అదే అరచెయ్యి. గురవయ్యను చూసి, రాయి మీద చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. గురవయ్య వందనాలన్నా అని, కాగితం తీసి తడి రాయి పక్కన పరిచి, అంతా చెప్పాడు. తూము, మడి, తుంగ, తోలు పుటలు, అన్నీ.

"లెక్క తప్పు గాదన్నా. ఆ పొద్దు నీ మడికాడికి రాలేదే, అది తప్పు."

సుందరరాజు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. వాలు గీతకూ పాకే గీతకూ నడుమ ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీద, రాయి నునుపు చూసే వేలితో, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తడిమాడు.

"ఇదేనా నా నీళ్లు?"

"అదేన్నా."

సుందరరాజు తలెత్తకుండానే అన్నాడు. "ఆరున్నర నూర్ల ఏండ్ల కిందటోళ్లు చూసినారు నా మడిని. నువ్వు నూరు బారల దూరం రాకపోతివే గురవా."

గురవయ్య నిలబడే ఉన్నాడు. సుందరరాజు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, బల్ల మీద కొంచెం పక్కకు జరిగాడు.