పంటిగాట్ల చావి

మొన్న మా పెద్దమ్మ గడియారాన్ని బాగుచేయించడానికి ఇచ్చాను. కోయంబత్తూరులో పాత చేతిగడియారాలు ముట్టుకునేవాళ్ళే కరువయ్యారు. దొరికిన ఒక్కడూ అదృష్టం కొద్దీ మా తెలుగువాళ్ళ అబ్బాయే. కంటికి భూతద్దం తగిలించుకుని, పక్కనుండే చావి బొడిపె దగ్గర ఆగిపోయాడు. "ఏమక్కా, దీన్ని ఎలక కొరికిందా? రొంబ, శానా అరిగిపోయుండాది. కొత్త చావి వేసి పాలిష్ కొడతా, పెండ్లికూతురు మాదిరి ఉంటాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లోపల శుభ్రం చేసి నూనె వెయ్యి, పాతవేవీ మార్చకు, చావి జోలికి అసలే పోకు అన్నాను. అది పట్టు జారుతుంది, సందులోంచి లోపలికి దుమ్ము పోతుంది, మళ్ళీ ఆగిపోతే నన్ననొద్దు అన్నాడు. ఆగితే ఆగనీ అన్నాను. దాన్ని కొరికింది ఎలక కాదు, మా పెద్దమ్మ.

మేమంతా నూలు మిల్లు లైను ఇళ్ళలో పెరిగినవాళ్ళం. చారులో దూది, జడల్లో దూది. పొద్దున తలంటుకున్న పిల్ల సాయంత్రానికి నెరిసిన తలతో తిరిగేది. పెద్దమ్మది నూలు చిలపలు చుట్టే పని. ఒకరోజు ఎవడో రాలేదని ఆమెను పత్తి దువ్వే యంత్రం దగ్గరికి పంపారు. ఇరుక్కున్న దూది తియ్యబోతే ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. మర్నాడు యంత్రం మామూలుగానే తిరిగిందట. తర్వాత ఆమెను తాగునీళ్ళ కుండల దగ్గర పెట్టారు. కొన్నేళ్ళకు, చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్ళకు బహుమతులివ్వాలని ఆఫీసులో ఏ మహానుభావుడికి తోచిందో, అందరికీ చేతిగడియారాలు తెప్పించాడు. వేదిక మీద పెద్దమనిషి అందరికీ కట్టినట్టే పట్టీ విప్పి, "ఎడమ చెయ్యి చాపమ్మా" అన్నాడు. పెద్దమ్మ కొంగు తీసి మొండిచెయ్యి చాపింది. ఆయన చూసి, చూడనట్టే గడియారాన్ని తిరిగి పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇంకొకరైతే దాన్ని మొగుడికిచ్చి ఊరుకునేవారు. ఈవిడ రొంటిన దోపుకుని తిరిగింది. రోజూ పొద్దున చావిని ముందుపళ్ళ మధ్య బిగించి, గడియారాన్ని కుడిచేత్తో అటూ ఇటూ తిప్పేది. కరకరమని చప్పుడయ్యేది. పెద్దనాన్న చూడలేక ఇటివ్వమని చెయ్యి చాపితే, "చెయ్యి పోతే పోయె, నోరుండాది కదా? నువ్వు విడు!" అని కసిరింది. అన్నం కలిపి పెడతానన్నా, జడ వేస్తానన్నా అదే కసురు. ఒకరి చేతి కింద బతకడం కంటే చావడం మేలని మొహం మీదే చెప్పేది.

మిల్లు మూసేశారు, పెద్దనాన్న పోయాడు, ఆమె పళ్ళు ఒక్కొక్కటే రాలాయి. ఒకసారి చూడబోతే మంచం మీద కూర్చుని, చావిని బోసి చిగుళ్ళతో పట్టుకోవాలని పెనుగులాడుతోంది. అది జారిపోతోంది, చొల్లు మోచేతి దాకా కారుతోంది. గుమ్మంలో నన్ను చూసి కసరలేదు. గడియారాన్ని కొంగుతో తుడిచి, మొహం గోడవైపు తిప్పుకుని నా ముందుకు చాపింది. "చావి నువ్వియ్యి, పాపా. రొంబ తిప్పొద్దు."

తిప్పాను. చెయ్యి పోయిన రోజున ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు; ఆ రోజు మాత్రం ఏడ్చింది. యంత్రం ఆమె దగ్గర తీసుకోగలిగింది ఒక్క చెయ్యినే. కాలానికి తొందరేముంది, మిగతాదంతా ఆమె చూస్తుండగానే తీసుకుపోయింది.