గుర్రపు దొరకు పెట్టిన దండం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో మద్రాసంటే నాకు ఆఫీసు, అద్దె గది, వాటి మధ్య ఉక్కపోత, అంతే. (చెన్నై అనడానికి నాకింకా నోరు తిరగలేదు, సీమలో మావాళ్ళు ఇప్పటికీ మద్రాసే అంటారు.) ఈ ఊళ్ళో స్వాతంత్ర్య పోరాటం జరిగిందని బళ్ళో చదివే ఉంటాను, మార్కులు పడ్డాక మర్చిపోయీ ఉంటాను. అలాంటి నాకు ఆ పోరాటమంతా ఒక్క పూటలో, అదీ నడివేసవి ఎండలో, చూడవలసిన అవసరం పెళ్ళి వల్ల కలిగింది.

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయీ నేనూ ఇష్టపడ్డాం. వాళ్ళది చింతాద్రిపేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. అమ్మానాన్నలు సరేనన్నారు కానీ, తాతగారు ఊ అననిదే ఆ ఇంట్లో తాంబూలాలు కదలవు. ఆయన జాతకాలు చూడరు. పెళ్ళికొడుకుని ఆటో ఎక్కించుకుని, పోరాటం జరిగిన చోట్లన్నీ తిప్పి తీసుకొస్తారు. నాకంటే ముందొచ్చిన సంబంధం బీచిలోనే తప్పిపోయింది. ఆ పెళ్ళికొడుకు ఎండగా ఉంది, ఆటోలోంచే చూస్తానన్నాడట. తాత ఏం చెప్పినా తల ఊపమని ఆ అమ్మాయి నన్ను ముందే హెచ్చరించింది.

చిక్కేమిటంటే, చూడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. జైలుండిన చోట హాస్టలుంది. ఉప్పు కాచిన చోట మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. అయినా తాతగారు ప్రతిచోటా చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడేవారు. పక్కన నేనూ. "ఈడనే మా నాయన్ని లాఠీల్తో కొట్టినారప్పా. చెయ్యి విరిగినా జెండా కింద పెట్టలే" అన్నారు ఇసకలో ఒకచోటు చూపించి. నేను గంగిరెద్దులా తల ఊపాను.

ఆఖరున కోటలో జెండా కర్రకు దండం పెట్టుకుని ఇంటిదారి పట్టాం. గండం గడిచిందనుకుంటుండగా మౌంట్ రోడ్డు మీద గుర్రపు దొర, అదే గుర్రమెక్కిన తెల్లదొర, విగ్రహం ఎదురైంది. నా కుడిచెయ్యి నన్నడక్కుండానే లేచి కళ్ళకద్దుకుంది. తాతగారు ఆటో ఆపించారు.

"ఎవురికప్పా ఆ దండం?"

అబద్ధమాడదామంటే ఆ గుర్రం వెనక ఒక గుడైనా లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ దొర ఒకప్పుడు మా సీమలో కలెక్టరు. ఊరూరా డేరా వేసుకుని, రైతుల గోడు విని, శిస్తు తగ్గించాడని మా అవ్వ చెప్పేది. మావైపు పిల్లలకు ఆయన పేరు పెట్టుకునేవారు. మా జేజినాయన (తాతను మేమలాగే అంటాం) పేరూ ఆ దొరదే, చివర ఒక 'అప్ప' తగిలించి. మద్రాసు బస్సెక్కిస్తూ అవ్వ, ఆ గుర్రం కనబడినప్పుడల్లా దండం పెట్టమంది. ఆమె పోయింది కానీ, నా చేతికింకా ఆ సంగతి తెలియలేదు.

తాతగారు గుర్రం వైపే చూస్తూ కూర్చున్నారు. నా పెళ్ళి దానిమీదెక్కి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది. చివరికాయన "సరి, దిగప్పా" అని, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, నన్ను విగ్రహం ముందు నిలబెట్టారు.

"నేను చెప్పులు విప్పను. విప్పితే మా నాయన ఒప్పడు. నువ్వు విప్పుకో, ఈ దొర మీ జేజినాయన పేరుగలోడు కదా. నీ బూట్లు నేను చూసుకుంటా, పో."

తారు పెనంలా కాలుతోంది. కాలు మార్చి కాలు గెంతుతూ దండం పెట్టాను. వెనక్కి తిరిగితే, లాఠీ దెబ్బలు తిన్న మనిషి కొడుకు దొర ఎదుట నా బూట్లు చేత్తో పట్టుకుని, మొహం మాత్రం అటు తిప్పుకుని నిలబడి ఉన్నారు.

ఇంటికెళ్ళాక ఆయన అన్నది రెండే ముక్కలట: "పిల్లోడికి చరిత్ర తెలీదు. ఇంటోళ్ళని మాత్రం మరవడు." ఆ వారమే తాంబూలాలు మార్చుకున్నాం.

తాతగారు పోయి చాలాకాలమైంది. చరిత్ర నాకిప్పటికీ అంతంతమాత్రమే. ఎండలో గెంతిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పిల్లనిస్తారా ఇవ్వరా అన్న బెంగలో, తనకు ఎలాంటి తాత దొరుకుతున్నాడో వాడు చూసుకోనే లేదు.