మల్లేశ్ తాగి పడలే, లైట్ పోయి పడ్డడు

నిన్న పొద్దుగాల ఫోన్ వచ్చింది. మల్లేశ్ పోయిండని.

ఏ మల్లేశ్ అని అడిగిన. సొంత మరిది పేరు నాకే ఎక్కలే. మొన్ననే వచ్చి "వదినా, చాయ్‌ల అల్లం ఎక్కువైంది" అని వంకలు పెట్టి పోయిండు.

హార్ట్ ఎటాక్ అంట. దవాఖాన దాంక కూడ ఆగలే.

నాకు రాత రాదు. నేను చెప్తున్న, మనుమరాలు ఫోన్‌ల కొడుతున్నది.

ఎందుకంటే, నిన్న శవం ఇంట్ల ఉండంగనే ఒకాయన నవ్వుకుంట అన్నడు, "పెండ్లికి ముందు తాగి, బండితోని మడిల పడ్డోడు గదా" అని.

మల్లేశ్ పిల్లలు పక్కనే కూసున్నరు. ఇన్నరు.

వాళ్ల కోసమే ఈ పోస్ట్.

తొంభైలల్ల ముచ్చట. ఎయిర్‌పోర్ట్ ఇంకా రాలే. మల్లేశ్ పాత మోటర్ సైకిల్ మీద పాల క్యాన్లు ఏసుకొని శంషాబాద్ దిక్కు తిరిగేటోడు. బుద్వేల్ పిల్ల లక్ష్మితోని సంబంధం ఖాయమైంది. గప్పుడే, పొద్దుగూకినంక కొత్వాల్‌గూడ ఎడమ మలుపు కాడ మడిల పడ్డడు.

మలుపు కాడనే కల్లు దుకాణం ఉండె. ఇగ ఏం కావాలె లోకానికి?

పండుగకు తాగేటోడు, అబద్ధమెందుకు. గా దినం మాత్రం తాగలే.

"లైట్ పోయింది వదినా" అని మొత్తుకున్నడు. మెకానిక్ చూసిండు. బల్బు మంచిగున్నది, స్విచ్ మంచిగున్నది. స్టార్ట్ చేస్తే లైట్ భగ్గున వచ్చింది.

అందరు మల్లేశ్ మొఖం చూసిండ్రు.

బుద్వేల్‌కెల్లి కబురొచ్చింది. తాగుబోతుకు పిల్లనియ్యమని.

పోరడు అన్నం ముట్టలే.

ఒకనాడు సందెల వాకిట్ల బండి మళ్లేస్తున్నడు. గోడ మీద పడ్డ బండి లైట్ తటుక్కున పోయింది.

"ఆగురా! మళ్ల తిప్పు!" అన్న.

హ్యాండిల్ ఎడమకు తిప్పితే లైట్ పోతున్నది. సీదా చేస్తే వస్తున్నది. అందరు బండిని సీదా నిలవెట్టే చూసిండ్రు మరి!

మల్లేశ్ వైర్‌ను ఒత్తుకుంట, ఒత్తుకుంట పోయిండు. హ్యాండిల్ మెడ కాడ దొరికింది. పైన తొడుగు మంచిగనే ఉన్నది, లోపల తీగ తెగింది.

ఎంటనే టేప్ తీసిండు, అతుకనీకి. చెయ్యి మీద ఒక్కటేసిన.

"పిచ్చోడా, బాగు చేసినవంటే ఇగ ఎవడు నమ్ముతడు? గట్లనే ఉండనీ."

తెల్లారి పట్టపగలు అదే బండి మీద ఎనుక కూసున్న. ఆరాంఘర్ దాటి బుద్వేల్ పోయినం. వాళ్ల బర్ల కొట్టం చీకటిగుంటది, బండిని అండ్ల పెట్టిచ్చి పిల్ల తండ్రిని పిలిచిన.

"అన్నా, నువ్వే ఎక్కు, నువ్వే తిప్పు. కల్లు తాగింది మా పోరడా, ఈ బండా, నువ్వే చెప్పు."

తిప్పిండు. లైట్ పోయింది. సీదా చేసిండు. వచ్చింది. మళ్ల మళ్ల తిప్పుతనే ఉన్నడు.

తలుపు ఎనుకకెల్లి లక్ష్మి అన్నది, "నాయినా, చూసింది చాలు. వాళ్లకు మంచినీళ్లియ్యి."

మల్లేశ్ చెవులు ఎర్రగైనయ్.

గా లక్ష్మే నిన్న ఆయన కాళ్ల కాడ కూసున్నది. నవ్వినాయన మీదికి నేను లేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నది. "ఇయ్యాల వద్దక్కా" అన్నది.

నిన్న ఊకున్న. ఇయ్యాల ఊకోను.

పిల్లలూ, మీ నాయిన తాగి పడలే. ఎవడన్న మళ్ల అంటే నా దగ్గరికి పంపుండ్రి.

మల్లేశ్, ఈడ సంగతి నేను చూసుకుంట. నువ్వు నిమ్మలంగ పో నాయినా. ఏ పరేషాన్ లేని తావుల సల్లగ ఉండు.