అమ్మ మాత్రలు ఆవు తినింది: మదనపల్లె నుంచి కుప్పం దాకా

అమ్మ దగ్గర ఇరవయ్యో తేదీ దాకా సరిపోయే మాత్రలే ఉన్నాయి. ఆ తర్వాత మింగుతుందో లేదో తెలియదు. అందుకే కుప్పం వెళ్ళొచ్చిన మర్నాడే ఇది రాస్తున్నాను. నెలలు నిండకుండా దూడను వేసిన మా ఆవుకు అమ్మ ఉత్తచేతులతో, లోపలే నిలిచిపోయిన మాయ తీసింది. కొన్ని వారాలకు అమ్మకు జ్వరం పట్టుకుంది. మదనపల్లెలో రక్తపరీక్ష చేసి బ్రూసెల్లోసిస్ అన్నారు, పశువుల నుంచి, కాగని పాల నుంచి అంటుకునే జబ్బు. ఆరు వారాలకు రెండు రకాల మాత్రలు రాశారు. పది రోజులకే జ్వరం తగ్గింది, తర్వాత మళ్ళీ తిరగబెట్టింది. కుప్పం దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు.

ఉదయం ఆరుకు మదనపల్లెలో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. ఏడుకల్లా పుంగనూరు. బస్టాండు ఎదుట టీ తాగబోతూ అమ్మ, పాలు కాగబెట్టినవేనా అని కొట్టాయనను అడిగింది. "కాగబెట్టకుండా టీ ఎట్లవుతాదమ్మా?" అన్నాడాయన. అయినా అమ్మ గిన్నెలోకి తొంగి చూశాకే తాగింది. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి పదకొండు దాటింది.

మిగిలిన మాత్రలేవని పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. నేను సంచి వెతుకుతుంటే అమ్మ చెప్పింది.

"జొరం తగ్గినాక మిగిలినవి ఆవుకు పెట్టినాను, అరటిపండులో. జబ్బు దాందే గదమ్మా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ పాలు ఎవరికీ పోయొద్దని, ఆవును వేరుగా కట్టి పశువుల డాక్టరుకు చెప్పమని అంది. తర్వాత చీటీ వెనక ఒక గుండ్రం గీసి లోపల చుక్కలు పెట్టింది. ఒంటికి కాపలా కాసే కణాలు క్రిములను మింగుతాయట. ఈ క్రిమి అక్కడ చావకుండా కాపురం పెడుతుందట. చాలా మందులు ఆ లోపలికి సరిగా చేరవు, చేరినా కొన్నిటికి అక్కడి పులుపులో బలం తగ్గుతుంది. అందుకే లోపలికి పోగలిగే మందులు, రెండు కలిపి, అన్ని వారాలు. మళ్ళీ మొదటి నుంచి మింగాలని చెప్పి, ప్రస్తుతానికి ఇరవయ్యో తేదీ దాకా మాత్రలిచ్చింది.

"ఆ కణం మనదే గదా. లోపల దాన్ని సంపితే ఇది బతుకుతాదా?" అని అమ్మ అడిగింది. బతుకుతుందని డాక్టరమ్మ అంది. అమ్మ నా వైపు చూసింది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. పూర్తిగా అర్థం కాకపోయినా తలూపాను. డిగ్రీ ల్యాబులో గాజు పళ్ళెం మీద మందు చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ అయిన వలయాన్ని కొలిచి మార్కులు తెచ్చుకున్నాను. కణం లోపల ఏం జరుగుతుందో ఆ పళ్ళెం నాకు చెప్పలేదు.

తిరుగు బస్సులో అమ్మ తేల్చేసింది. "ఆ డాక్టరమ్మకు ఈ జొరం రాలేదు గదా. ఆరు వారాలు మింగి బాగైనోళ్ళను ఒక్కరిని సూపీ, మింగుతా."

జ్వరం పోవడం, క్రిమి పోవడం ఒకటి కాదని నాకు ఇప్పటికి తెలిసింది. ఎందుకు కాదో అమ్మకు చెప్పడం ఇంకా చేతకావడం లేదు. ఈ దారిన ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు మందుల అట్టలన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకోండి. మొదట అవే అడుగుతారు. మీలో ఎవరైనా ఈ మాత్రలు ఆరు వారాలు పూర్తిగా వాడి ఉంటే ఇరవయ్యో తేదీలోగా కింద రెండు మాటలు రాయండి. చదివి వినిపిస్తాను. మీ ఊరి పేరు కూడా రాయండి, అమ్మ ముందు అదే అడుగుతుంది.